టైలరమ్మ పోయిన వారం

తాను పోయిన సంగతి వీధి మొత్తంలో ఆఖరున తెలిసింది టైలరమ్మకే. అదైనా బ్యాంకావిడ తన జాకెట్టు గుడ్డ కోసం వచ్చింది కాబట్టి తెలిసింది.

బ్యాంకావిడ గేటు చప్పుడు కాకుండా తీసి, ముఖం వీలైనంత కిందికి దించుకుని, సంచీ రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చింది. పరామర్శకు వచ్చేవాళ్ళ నడక వేరేగా ఉంటుంది. నేలను అడిగి అడుగు వేస్తున్నట్టు ఉంటుంది. ముందు గదిలో కుట్టు మిషను దగ్గర, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కూర్చున్న టైలరమ్మ తలెత్తి చూసి, పాపం వీళ్ళ ఇంట్లో ఎవరో పోయినట్టున్నారు అనుకుంది. సూదులు తీసి పక్కన పెట్టి, కూర్చోమని చెప్పి, మీది రేపు ఇచ్చేస్తానంది.

బ్యాంకావిడ కూర్చోలేదు. టైలరమ్మ కాళ్ళ వైపు చూసింది. అవి మిషను మీద ఆడుతూనే ఉన్నాయి.

"మీరు... ఉన్నారా?" అంది చివరికి.

"ఎక్కడికి పోతానండీ, పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాను."

ఆ తర్వాత అసలు సంగతి ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. బ్యాంకావిడ కొడుకూ టైలరమ్మ కూతురు అమ్మడూ ఒకటే తరగతి. బళ్ళో వ్యాసాల పోటీ ఫలితాలు చెప్పారు. అమ్మడికి మొదటి బహుమతి వచ్చింది. మాస్టారు ఆ వ్యాసాన్ని మొన్న సోమవారం పొద్దున అందరూ వరసల్లో నిలబడి ఉండగా చదివారు. ఆడపిల్లలు ఏడ్చారు. హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆపైన బడి బడంతా రెండు నిమిషాలు మౌనం పాటించింది, అమ్మడి వాళ్ళమ్మ ఆత్మశాంతి కోసం.

కబురు తెలిసినప్పటి నుంచీ రావాలనే అనుకుంటున్నానని బ్యాంకావిడ చెప్పింది. ఇంకా కత్తిరించని గుడ్డ, ఇల్లు చెదిరిపోకముందే తెచ్చేసుకుంటే మంచిదని మాత్రం చెప్పలేదు. చేతిలోని ఖాళీ సంచీ చెప్పింది.

టైలరమ్మ మర్యాద తెలిసిన మనిషి. ఈ ఏడాదిగా మరీను. అయ్యో, శ్రమపడి వచ్చారంది. పోయినావిడ ఎదుట నిలబడి పరామర్శను ఎలా ముగించాలో బ్యాంకావిడకు ఎవరూ నేర్పలేదు. కాసేపటికి ఇద్దరికీ కొలతలే దిక్కయ్యాయి. చేతులు ఒక అంగుళం పొడుగు పెట్టమని చెప్పి, వ్యాసం ఫోటో టైలరమ్మ ఫోనుకు పంపి, వచ్చినప్పటికంటే చాలా తొందరగా వెళ్ళిపోయింది బ్యాంకావిడ.

ఈ పోటీ సంగతి టైలరమ్మకు తెలియంది కాదు. ఏదో క్యాన్సర్ ఆస్పత్రివాళ్ళు బళ్ళలో పెట్టారు. 'క్యాన్సర్ నా జీవితాన్ని ఎలా తాకింది' అన్నది విషయం. పై తరగతుల పిల్లలంతా రాయాలి. ఇంట్లో క్యాన్సర్ లేని పిల్లలు మొదట బెంగపడ్డారని అమ్మడు అన్నం దగ్గర చెప్పింది. తర్వాత తేరుకుని ఎవరికి తోచినవాళ్ళకు వాళ్ళు అంటగట్టారట. బ్యాంకావిడ కొడుకు, బల్బు మారుస్తూ నిచ్చెన మీంచి పడి పోయిన తాతకు రక్త క్యాన్సర్ ఇచ్చాడు. ఇంకొకడు, సైకిలు కొనిస్తానని కొనివ్వని మేనమామకు, నిక్షేపంలా తిరుగుతున్నవాడికి, ఊపిరితిత్తుల్లో ఇచ్చాడు. అమ్మడు మాత్రం రాయనంది. మాస్టారు ఊరుకోలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతావేమిటే అన్నారు. ఆ చంకలో పిల్ల తానేనని అప్పుడు టైలరమ్మకు నవ్వొచ్చింది కూడా.

ఇప్పుడు ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివింది.

'మా అమ్మ మిషను తొక్కుతూ పాడేది. పాట మధ్యలో దారం తెగితే దారాన్ని తిట్టేది, పాట మరిచిపోయినందుకు నన్ను తిట్టేది. నాకు జడ వేసేటప్పుడు కనుబొమలు నుదుటి మీదికి వచ్చేంత గట్టిగా లాగేది. నాన్న తడి తువాలు మంచం మీద పడేస్తే వీధి చివరిదాకా వినపడేలా పోట్లాడేది. సెలవు రోజు నేను ఎండెక్కేదాకా పడుకుంటే దుప్పటి లాక్కుని ఉతకడానికి పట్టుకుపోయేది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అరవరు. నేను ఎంతసేపైనా పడుకోవచ్చు. క్యాన్సర్ నా జీవితాన్ని ఇలా తాకింది.'

ఇంకా రెండు మూడు వాక్యాలున్నాయి. టైలరమ్మ అన్నీ రెండుసార్లు చదివింది. కుట్టు ఎక్కడ తప్పిందో చూడటానికి బట్టను తిరగేసి చూసినట్టు చదివింది. పోయింది అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నదల్లా ప్రతి వాక్యం చివరా ఒక 'ఏది'. పాడేది, తిట్టేది, లాగేది. ఉన్నవాళ్ళు పాడతారు, తిడతారు. 'పాడేది' అన్నాక చదివేవాళ్ళు గోడ మీద ఫోటో కోసం వెతుక్కుంటారు. జడ్జీలు వెతుక్కున్నారు, బహుమతి ఇచ్చారు. వాళ్ళను అని లాభం లేదు.

అయితే టైలరమ్మకు గొంతులో ముల్లులా గుచ్చుకున్నది జడ్జీల సంగతి కాదు. రెండేళ్ళ కిందట ఎడమవైపు రొమ్ము తీసేశారు. ఆ తర్వాత మందులు ఎక్కించారు. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. ఆర్నెల్లకోసారి రమ్మన్నారు, ఎన్నాళ్ళు అని అడిగితే చూద్దామన్నారు. ఆ 'చూద్దాం' పట్టుకుని ఇంటికి వచ్చిన రోజునే ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక నిర్ణయానికి వచ్చింది. ఉండేది ఎన్నాళ్ళో తెలియదు, ఉన్నన్నాళ్ళూ పిల్లకు మంచి తల్లిగా గుర్తుండిపోవాలి. ఆ రోజు నుంచీ అరవడం మానేసింది. తడి తువాలు కనిపిస్తే తానే తీసి ఆరేసింది. జడ మెత్తగా వేసింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటలు ఎన్ని మింగిందో ఆమెకే తెలుసు. ఇంట్లోవాళ్ళు గమనించే ఉంటారని, లోలోపల సంతోషిస్తూనే ఉంటారని అనుకుంది.

అంత కష్టపడి పోగుచేసుకున్న మంచితనమంతా వ్యాసంలో ఒక్క ముక్కలో తేలిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అరవరు. అంతే.

ఇక ఆమె తెలుసుకోవలసింది ఒక్కటే. పిల్ల తెలియక రాసిందా, లేక మనసులో తనను ఎప్పుడో సాగనంపేసిందా.

పక్కగది మంచం మీది నుంచి అత్తగారు అంతా విననే విన్నారు. ఆవిడకు అవసరం లేని మాటలు వినపడవు, అవసరమైనవి గోడ అవతలివైనా వినపడతాయి. పోయావని పుకారు పుట్టిందంటే ఆయుష్షు పెరుగుతుందమ్మాయ్, నాకెవరూ పుట్టించరు, అని నిట్టూర్చారు. బస్సు డ్రైవరు అయిన భర్త డ్యూటీ దిగి భోజనానికి వచ్చాక ఆయనకూ చెప్పింది. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని అంతా విన్నాడు.

"బడంతా రెండు నిమిషాలు నిలబడ్డారా?" అన్నాడు. "మా డిపో మేనేజరు పోతే ఒక్క నిమిషమే నిలబడ్డాం."

ఆయన గొంతులో కాస్త గర్వం కూడా వినపడింది. ఇక ఆయనతో మాట్లాడి ప్రయోజనం లేదని, మధ్యాహ్నం మిషను మూసి, టైలరమ్మ బడికి బయల్దేరింది.

టీచర్ల గదిలో మాస్టారు ఒక్కరే ఉన్నారు. బల్ల మీద కట్టలు కట్టలుగా జవాబు పత్రాలు, వాటి మీద ఎగిరిపోకుండా డస్టరు. ఎవరి తాలూకు అని అడిగారు. అమ్మడి తల్లినని చెప్పింది. మాస్టారు లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు, కలం మూత పెట్టారు, తీశారు. ఆయన ముఖంలో సంతోషమూ వచ్చింది, కాదనడానికి లేదు. కాని దాని వెనకాలే ఇంకేదో వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది.

"ముందే ఒక మాట చెప్పి ఉండాల్సిందమ్మా," అన్నారు.

బతికే ఉన్నానని బడికి కబురు పంపడం ఏ తల్లికీ అలవాటు లేని పని.

మాస్టారు చెడ్డవారు కాదు. ఇబ్బంది ఏమిటో ఓపికగా వివరించారు. పోటీకి రెండే విభాగాలు. ఒకటి, పోయినవారి జ్ఞాపకాలు. రెండోది, పోరాడి గెలిచినవారి గాథలు. అమ్మడి వ్యాసం మొదటి విభాగంలో మొదటిది. రెండో విభాగానికి మార్చుదామంటే అందులో గెలుపు ఉండాలి.

"మీరు గెలిచారా అమ్మా?"

"తెలీదండీ. ఆర్నెల్లకోసారి చూస్తున్నారు."

మాస్టారు పోటీ నిబంధనల కాగితం తీసి మరోసారి చూశారు. "అయితే మీరు ఏ విభాగం కిందికీ రారు," అన్నారు, నిజంగానే బాధపడుతూ.

శనివారం ఆస్పత్రి పెద్దాయన వస్తున్నాడు, సభ ఉంది, పేర్లు అచ్చయిపోయాయి. వ్యాసం చిన్న పుస్తకంలో కూడా వేస్తారట. రోగులూ వాళ్ళవాళ్ళూ కూర్చునే హాల్లో కుర్చీల పక్కన పెడతారట, చదువుకోవడానికి. అంటే వచ్చేసారి పరీక్షకు వెళ్ళి పిలుపు కోసం కూర్చున్నప్పుడు తన చావు తానే చదువుకోవచ్చునన్నమాట. మాస్టారు గొంతు తగ్గించి, పిల్ల కష్టపడి రాసింది, ఆ బహుమతి దాని చేతిలో పడేదాకా మీరు బడివైపు రాకుండా ఉంటే చాలునన్నారు. తప్పనిసరై రావాల్సివస్తే పిన్నినని చెప్పమన్నారు.

టైలరమ్మ అలాగేనండీ, ఆలోచించుకుని చెబుతానని చెప్పి వచ్చేసింది. దారి పొడుగునా తన మంచితనానికి తనకే ఆశ్చర్యం వేసింది.

సాయంత్రం అమ్మడు గుమ్మంలోకి వస్తూనే తల్లి ముఖం చూసి సంచీ నెమ్మదిగా కింద పెట్టింది. అడగకముందే అన్నీ చెప్పేసింది. చెబుదామనే అనుకుందట. కాని మాస్టారు చదవడం ఆపగానే మౌనం మొదలైపోయింది, మౌనం పాటిస్తూ ఉండగా మధ్యలో ఎలా మాట్లాడుతుంది? అది అయ్యాక అందరూ వచ్చి వాటేసుకున్నారు. అంతమంది కళ్ళు తుడుచుకుంటుంటే, మా అమ్మ ఇంట్లో హుక్కులు కుట్టుకుంటోందని ఏ నోటితో చెబుతుంది? మర్నాటి నుంచీ ఎవరి డబ్బాలో మంచిది ఉంటే వాళ్ళు తెచ్చి పెట్టారు. లెక్కల టీచరు రెండు పరీక్షలు రాయనక్కర్లేదన్నారు. రోజు గడిచేకొద్దీ తల్లిని బతికించడం మరీ కష్టమైపోయింది.

టైలరమ్మ చేతిలోని బట్ట మడత పెడుతూ విన్నది. తర్వాత, ఎప్పటిలా మెత్తగా, తాను బడికి వెళ్ళి వచ్చిన సంగతి చెప్పింది.

"మాస్టారు చెప్పింది నిజమే. బహుమతి పోగొట్టుకోవడం ఎందుకు? నాకేం కష్టం, శనివారం దాకా పోయి ఉంటాను. ఎవరైనా అడిగితే పిన్నినంటాను."

అమ్మడు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇదేనమ్మా," అంది.

"ఏది?"

"ఇదివరకైతే ఈ మాటకు నువ్వు చెప్పు తీసుకునేదానివి. నన్నూ కొట్టేదానివి, మాస్టారి దగ్గరికీ అదే చెప్పుతో వెళ్ళేదానివి. ఇప్పుడు చుట్టాలింటికి వచ్చినట్టు ఉంటున్నావు. మంచినీళ్ళిస్తే థాంక్స్ అంటున్నావు. నేను పరీక్ష తప్పినా, పర్వాలేదులే అన్నావు. నాకెంత భయమేసిందో తెలుసా? ఎప్పుడెప్పుడు బయల్దేరదామా అని అన్నీ సర్దుకుంటున్నదానిలా ఉంటే నేనేం రాయాలి?"

టైలరమ్మ మడత పెట్టిన బట్టను విప్పి మళ్ళీ మడత పెట్టింది. "'పాడుతుంది' అని రాయొచ్చుగా."

"పాడటం లేదుగా. అబద్ధమవుతుంది."

"అయితే 'మానేసింది' అని రాయాలి."

"మానేశావా?"

టైలరమ్మ బట్ట మీది దారపు ముక్క ఏరి పారేసింది.

"మానేసిందంటే ఇక పాడదనే కదా," అంది అమ్మడు. ఇప్పుడు దాని గొంతు సన్నగా అయిపోయింది. "'పాడేది' అంటే అప్పుడు పాడేది. అంతవరకే నాకు తెలుసు. తర్వాత సంగతి ఆ డాక్టరుకే తెలీదు. వాళ్ళెవరో చచ్చిపోయిందనుకుంటే నేనేం చెయ్యను?"

టైలరమ్మ పొద్దుటి నుంచీ తెలుసుకోవాలనుకున్నది అదే. పిల్ల తనను సాగనంపలేదు. గుమ్మంలో నిలబెట్టి, ఎటు అడుగు వేస్తుందా అని చూస్తోంది. ఏడాదిగా తాను మిగిల్చి పెడుతున్న తీపి జ్ఞాపకాల మూటను అది విప్పి కూడా చూడలేదు. దానికి కావలసింది జడ పీకే తల్లి.

ఈ మాట మనసుకు పట్టగానే ఛాతీ మీంచి ఏదో బరువు దిగినట్టయింది. దిగిన చోట ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి, పొద్దుటి నుంచీ ఎవరితోనూ అనకుండా అణిచిపెట్టుకున్న ఇంకో వాక్యం లేచి వచ్చి కూర్చుంది. వ్యాసంలో కింది నుంచి మూడోది.

"అది సరే," అంది. "'మా అమ్మ కుట్టిన జాకెట్లు సగం వదులై వెనక్కి వచ్చేవి' అని రాశావు. ఎవరివి వచ్చాయి?"

అమ్మడు తడబడింది. "అదా... ఊరికే... మధ్యలో ఒక నవ్వు ఉండాలని మాస్టారు..."

"నవ్వా? ఒక్కరి పేరు చెప్పు. ఈ వీధిలో ఒక్కరి పేరు. పెళ్ళికి రెండు నెలల ముందు కొలతలిచ్చి, తిండి మానేసి, పెళ్ళినాటికి పుల్లలా తయారైతే జాకెట్టు వదులవక ఏమవుతుంది? అది కుట్టినదాని తప్పా? చచ్చినదాని మీద ఏం రాసినా చెల్లుతుందనుకున్నావా? లేచి వచ్చి అడగదనుకున్నావా?"

గొంతు ఎక్కడ పెరిగిందో ఆమెకే తెలియలేదు. పక్కగదిలో అత్తగారు బాగా వినపడే చెవిని ఇటు తిప్పుకుని పడుకున్నారు. భర్త పెరట్లోంచి కంగారుగా వచ్చి, భార్యను చూసి, ఏదో జ్ఞాపకం వచ్చినవాడిలా గదిలోకి వెళ్ళి మంచం మీది తువాలు తీసి ఆరేసి వచ్చాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. బడి బడంతా తన కోసం మౌనంగా నిలబడిందని కాదు, అంతమంది చెవిన తన కుట్టు మీద ఆ మాట పడ్డదని టైలరమ్మ మంట. ఇక రేపు ఎవరు గుడ్డ తెచ్చి ఇస్తారంది. పుట్టినప్పటి నుంచీ నువ్వు తొడుక్కున్న గౌన్లు ఎవరు కుట్టారంది. పరీక్ష తప్పిన సంగతి కూడా, అప్పుడు పర్వాలేదన్నదే, ఇప్పుడు తీసింది. ఏడాది బాకీ ఒక్కసారిగా వసూలు చేసినట్టు తిట్టింది. అమ్మడు మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో చూసే తీరిక టైలరమ్మకు లేదు.

"రేపు వెళ్ళి మాస్టారితో చెప్పు," అంది ఆఖరికి ఆయాసపడుతూ. "నేను చచ్చాననుకుంటే వాళ్ళ ఇష్టం. జాకెట్ల మాట మాత్రం కొట్టేయించు."

అమ్మడు మర్నాడు రెండూ చెప్పింది. తల్లి బతికుందని తెలిసి తరగతిలో ఎవరూ పెద్దగా సంతోషించలేదు. మా ఏడుపు వృథా చేశావన్నారు ఆడపిల్లలు. డబ్బాలు మూసుకున్నాయి. లెక్కల టీచరు రెండు పరీక్షలూ ఒకే రోజు రాయించారు. మాస్టారు చివరి ప్రయత్నంగా, ఆఖర్న 'మా అమ్మ జబ్బును జయించింది' అని ఒక్క ముక్క కలిపితే రెండో విభాగంలో చూద్దామన్నారు. ఇంకా తెలియదండీ అంది అమ్మడు. మొదటి బహుమతి బ్యాంకావిడ కొడుక్కి వెళ్ళింది.

శనివారం సభకు రమ్మని బ్యాంకావిడ స్వయంగా వచ్చి పిలిచింది. టైలరమ్మ వెళ్ళింది, పిన్నిగా కాదు. పైగా బ్యాంకావిడ ఆ రోజు తొడుక్కున్న జాకెట్టు ఒంటితో పుట్టినట్టు అమరింది. నలుగురూ చూడటం ఆమెకు అవసరం. హాల్లో మూడో వరసలో కూర్చుంది. పక్కన అమ్మడు, అమ్మడి వెనకాల వేరే సెక్షన్ పిల్ల ఒకతి. వేదిక మీద బ్యాంకావిడ కొడుకు తాతగారి రక్త క్యాన్సర్ గురించి వణుకుతున్న గొంతుతో చదువుతున్నాడు. నిచ్చెన ప్రస్తావన ఎక్కడా రాలేదు. ఆస్పత్రి పెద్దాయన కళ్ళు ఒత్తుకున్నాడు. టైలరమ్మకూ ఒకటి రెండుసార్లు కళ్ళు చెమర్చాయి. ఆ తాతగారు మంచి మనిషి, చొక్కా ఇచ్చిన రోజే తిరిగి అడిగేవారు కాదు.

వెనక పిల్ల ముందుకు వంగి అమ్మడి చెవిలో గుసగుసలాడింది. "ఈవిడేనా మీ అమ్మ? నిజంగానే ఉందా?"

"ష్," అంది అమ్మడు తల తిప్పకుండా. "ఇప్పుడు మాట్లాడకు. మా అమ్మ తిడుతుంది."

టైలరమ్మ వేదిక మీది నుంచి చూపు మరల్చి, ఇద్దరినీ ఒక్క చూపు చూసింది.